మామయ్య రికార్డులు, నా సీడీలు

మోకాలి ఆపరేషన్ అయ్యాక మామయ్య జోగిపేట నుంచి ఇస్నాపూర్‌లోని మా ఇంటికి వచ్చారు. మూడు నెలలు ఉండాలి. కారు డిక్కీలో బట్టల సంచి ఒకటి, రికార్డు ప్లేయర్ ఒకటి, పాత రికార్డుల అట్టపెట్టెలు రెండు. వాకర్ మరిచిపోయి వచ్చారు. ఆయన కొడుకు, అంటే మా ఆయన, మళ్ళీ జోగిపేట వెళ్ళి తెచ్చాడు.

మామయ్యకు అక్కడ పప్పుధాన్యాల దుకాణం ఉండేది. నలభై ఏళ్ళు గల్లాపెట్టె పక్కనే ఆ ప్లేయర్ మోగింది. నేను పటాన్‌చెరులో ఒక మందుల కంపెనీ ల్యాబ్‌లో పనిచేస్తాను. నా దగ్గర బీరువాలో ఒక అర నిండా సీడీలున్నాయి. ఫోన్‌లో అన్ని పాటలూ ఉండగా ఇవెందుకని ఇంట్లో అందరూ అడిగారు. మామయ్య అడిగింది వేరు.

“గీ అద్దం బిళ్ళల పాట యాడుంటది బిడ్డా? గీతలేవి?”

“కంటికి కనబడవు మామయ్యా. లైటు చదువుతది.”

“కనబడని సరుకు నేనెన్నడు కొనలే,” అన్నారు.

మొదటి వారం సీడీలే పెట్టాను. సీడీ మొదలైతే గంటదాకా ఆగదు. మామయ్య కుర్చీలో వాలి, వింటూ నిద్రపోయేవారు. కసరత్తు చేయించడానికి వచ్చే ఫిజియోథెరపీ అమ్మాయి మోకాలు వంచి చూసి, బిగుసుకుపోతోందని చెప్పింది.

“తాతా, అరగంటకోసారి లేవాలె. నాలుగడుగులు వెయ్యాలె.”

“సరే బిడ్డా,” అన్నారు. లేవలేదు. నేను చెప్పినా, కొడుకు చెప్పినా లేవలేదు. ఫోన్‌లో అలారం పెడితే, దాన్ని కూర్చున్నచోటు నుంచే ఆపడం నేర్చుకున్నారు.

అప్పుడు రికార్డు ప్లేయర్ బయటికి తీశాను. రికార్డు ఒక వైపు ఇరవై నిమిషాలే. తర్వాత ఎవరో ఒకరు లేచి తిప్పాలి. ప్లేయర్‌ను గదిలో అవతలి మూలన పెట్టి, ఇంకెక్కడా ప్లగ్గు లేదని చెప్పాను. ఉంది. మొదటి వైపు అయిపోగానే తిప్పడానికి నేను లేచినట్టు చేశాను.

“నువ్వు ముట్టకు, గీతలు పడ్తయ్,” అంటూ ఆయనే లేచారు. ఆ రోజు ఎనిమిదిసార్లు లేచారు.

మా ఇల్లు ముంబై రోడ్డుకు దగ్గర. కంటైనర్ లారీ వెళ్ళినప్పుడల్లా ప్లేయర్ ముల్లు ఎగిరి, పాటలో రెండు వరసలు దాటి పడేది. రెండో రోజు సాయంత్రానికి మామయ్య విసిగిపోయారు.

“ఇగ చాలు, బంద్ చెయ్. నీ బిళ్ళనే పెట్టు.”

సీడీలకు దక్కిన మొదటి గౌరవం అది. నాకు సంతోషం కలగలేదు.

ల్యాబ్‌లో మా తూకం యంత్రాన్ని రాతి పలక మీద పెడతాం, పక్కన ఎవరు నడిచినా అంకె కదలకుండా. రోడ్డు మీది గ్రానైట్ దుకాణం నుంచి ఒక విరిగిన ముక్క తెచ్చి బల్ల మీద వేశాను. దాని మీద ప్లేయర్. లారీ వచ్చింది, ముల్లు ఎగిరింది. మామయ్య రాయిని కాసేపు చూశారు.

“రాయి కింద మెత్తగుండాలె. కందుల బస్తా తే.”

ఆయన పంపిన కందులే వంటింట్లో ఉన్నాయి. బస్తా సగమే నింపమన్నారు. దాన్ని పడుకోబెట్టి, పైన పలక వేయించి, రెండు చేతులతో అటూ ఇటూ నొక్కి సమం చేశారు. తర్వాత లారీ కోసం మా ఆయనతో సహా ముగ్గురం ఎదురుచూశాం. రోజంతా తిరిగే లారీలు పావుగంటదాకా రాలేదు. వచ్చినప్పుడు కిటికీ అద్దం గలగలమంది. పాట సాగింది.

“నీ రాయి మంచిదే,” అన్నారు.

“మీ కందులు గూడ,” అన్నాను.

ఒక ఆదివారం ఒకే పాటను రెండింటిలోనూ విన్నాం. ముందు రికార్డు, తర్వాత సీడీ. సీడీ వింటున్నప్పుడు ఆయన కళ్ళు మూసుకున్నారు.

“సాఫ్ ఉంది. దీంట్ల హార్మోనియం ఉన్నదా?”

“ముందు నుంచే ఉంది మామయ్యా.”

“నా దాంట్ల ఎన్నడు వినబడలే.”

రికార్డుకూ సీడీకీ పోటీ అనుకుంటే నేనే గెలిచాను. ఆ సీడీని తీసి బీరువాలో వెనక్కి పెట్టేశాను. ఆయన లేచి, గది దాటి వెళ్ళి, రికార్డు తిప్పారు.

మూడో నెల చివర మామయ్య జోగిపేట బస్సు మెట్లు ఎవరి చేయీ పట్టుకోకుండా ఎక్కారు. రికార్డులను మా ఆయన తర్వాత కారులో తీసుకుపోయాడు. ఆ సాయంత్రం బట్టలు మడతపెడుతూ ఒక సీడీ పెట్టుకున్నాను. ఎప్పుడో తలెత్తి చూస్తే గది నిశ్శబ్దంగా ఉంది. పాటలు ఎంతసేపటి కింద అయిపోయాయో నాకు తెలియలేదు.