దోహా నుంచి నాలుగ్గంటలే

అమ్మ పోయిన రోజు మధ్యాహ్నం ఫోనులో నేను మొదట వెతికింది దోహా నుంచి హైదరాబాదుకు ఎంత దూరమని. దగ్గర దగ్గర మూడు వేల కిలోమీటర్లు, విమానంలో నాలుగ్గంటలు అని చూపించింది. నాలుగ్గంటలంటే ఏపాటి? మా కోస్గి నుంచి జడ్చర్లకు పోయి, బస్సులు మారి నకిరేకల్ చేరాలంటే అంతకన్నా ఎక్కువే పడుతుంది.

దోహాలో లారీ నడిపే మా మేనమామ అమ్మకు ఒక్కగానొక్క తమ్ముడు. మా దగ్గర ఆడమనిషి పోతే తల్లిగారి చీర, అంటే పుట్టింటివాళ్లు తెచ్చే చీర, కప్పనిదే పాడె లేపరు. ఆ చీర తమ్ముడి చేతుల మీదుగానే పడాలని అమ్మ ఆశ. మంచాన పడ్డాక కూడా నా చెయ్యి పట్టుకుని, "నా తమ్ముడు వచ్చేదాంక నన్ను తీస్కపోనియ్యకు బిడ్డా," అంది. సరేనని మాటిచ్చాను.

ఆ రాత్రి విమానానికే మామకు టికెట్ దొరికింది. నాలుగ్గంటలేనా, అయితే పొద్దునకల్లా వచ్చేస్తాడని పెద్దమనుషులు నిమ్మళపడ్డారు.

తెల్లారి ఫోను చేస్తే మామ ఇంకా దోహాలోనే ఉన్నాడు. యజమాని తన దగ్గర పెట్టుకున్న పాస్‌పోర్టు చేతికిచ్చేసరికే పొద్దుగూకిందట. అక్కడి నుంచి సక్కగా విమానాశ్రయానికి పోకుండా చీర కోసం బజారుకు పోయాడు. అమ్మకు ఇష్టమైన ఆకుపచ్చ చీర దొరికేదాకా దుకాణాలన్నీ తిరిగాడు. తీరా విమానాశ్రయానికి పోతే, ఆలస్యమైందని లోపలికి రానియ్యలేదు. చీర ఇక్కడ దొరకదా, నీకేం పుట్టింది మామా అని అరిచాను. ఇంకెవరో కొని చేతికిస్తే అది తల్లిగారి చీర ఎట్లయితదని అటు నుంచి ఆయన ఏడ్చాడు. ముంబైలో ఆగి వచ్చే ఇంకో విమానం ఎక్కుతున్నాడట, సాయంత్రానికి గానీ చేరడు. నాలుగ్గంటలట నాలుగ్గంటలు! ఆ ఫోనును గోడకేసి కొట్టాలనిపించింది.

అసలే ఎండాకాలం. కిరాయికి తెచ్చిన ఐసు పెట్టెకు కరెంటు ఉండీ లేనట్టుంది. మధ్యాహ్నం దాటాక ఇక ఆపలేమన్నారు పెద్దమనుషులు. మా బాపు కూడా సరేనని తల ఊపాడు. అమ్మకు వరుసకు తమ్ముడయ్యే ఒకాయన బజారు నుంచి చీర తెచ్చి గబగబా కప్పాడు. నేను పాడెకు అడ్డం పడితే ఆడవాళ్లు పక్కకు లాగారు. అమ్మకిచ్చిన మాట నిలబెట్టలేకపోయాను.

మామ వచ్చేసరికి పొద్దుగూకింది. చంకలో ఒక్క సంచి తప్ప ఏమీ లేదు. అమ్మను పడుకోబెట్టిన జాగాలో పెట్టిన దీపం ముందు కూలబడ్డాడు. ఏడుస్తాడనుకున్నాం, ఏడవలేదు. సంచిలోంచి చీర తీసి ఒళ్లో పెట్టుకుని బాపు వైపు చూశాడు.

"బావా, చీర కప్పేటప్పుడు నా పేరన్న చెప్పిండ్రా?"

ఎవ్వరం చెప్పలేదు. ఆ తొందరలో ఆ సంగతి ఎవరికీ తట్టనే లేదు.

"చెప్పినం," అన్నాడు బాపు. "నీ తమ్ముడు తెచ్చిండు, కప్పుకో అని చెవుల చెప్పినం."

అప్పుడు ఏడ్చాడు మామ. బాపు కండువా మొహానికి అడ్డం పెట్టుకుని బయటికి వెళ్లిపోయాడు.