చేతితో విన్న ప్రసంగాలు

రిటైరవడానికి ఆరేళ్ల ముందు, ఒక జూన్ నెలలో, కోనసీమలోనే ఒక చిన్న కోర్టులో స్టెనోగ్రాఫరుగా బదిలీ మీద చేరాను. జడ్జిగారు చెప్పినది షార్ట్‌హ్యాండులో దించుకుని, టైపు చేసి ఇవ్వడం నా పని. రాజోలు దగ్గర మా ఊరి సంఘం పాస్టరుగారు ఆ వారమే ఇంకో పని అప్పగించారు. రిటైర్డు టీచరు కరుణమ్మగారు తుంటి విరిగి మంచం మీద ఉన్నారు. చర్చిలో ఆదివారం ప్రసంగం విని, రాసి ఆవిడకు అందించాలి. ఫోనులో రికార్డు చేసి పంపొచ్చు కదా అన్నాను. ఆవిడకు చెవులు సరిగా వినపడవనీ, కళ్లు మాత్రం భేషుగ్గా ఉన్నాయనీ చెప్పారు.

నాకు అది కష్టం కాలేదు. తెలుగు షార్ట్‌హ్యాండు కూడా పాసైనవాణ్ణి. పాస్టరుగారు ఎంత ఆవేశపడినా మా ప్లీడర్లకంటే నెమ్మదే.

సోమవారం సాయంత్రం కాగితాలు ఇస్తే కరుణమ్మగారు ఆసాంతం చదివి, కళ్లజోడు తీసి, ప్రతిసారీ ఒకటే అడిగేవారు. "ఇందులో మీకేం తగిలిందండీ?"

టైపు చేసింది నేనే అయినా ఏదీ గుర్తుండేది కాదు. అర్థం పట్టించుకుంటే చెయ్యి వెనకబడుతుందన్నది మా వృత్తిలో మొదటి పాఠం. మాట చెవిలోంచి నేరుగా వేళ్లలోకి దిగాలి, మధ్యలో బుర్ర అడ్డు రాకూడదు. ఒకరోజు ఆ సంగతే గట్టిగా అరిచి చెప్పాను. ఆవిడ నవ్వారు.

"ఆయ్, అయితే మీకు ప్రసంగం, గన్నవరం అక్విడక్టు వంతెన మీద కాలవ నీళ్లన్నమాట. గోదారి మీంచే పోతాయి, గోదాట్లో కలవవు!"

కోర్టులో నా పక్క బల్ల రాజుగారిది. ఆయన బెంచి క్లర్కు. కేసులు పిలవడం, ఫైళ్లు జడ్జిగారి ముందు పెట్టడం ఆయన పని. నేను చేరిన రెండో నెలలో ఒక కొట్లాట కేసులో సాక్షి, తను కొట్లాట చూడలేదని వాంగ్మూలమిచ్చాడు. జడ్జిగారు దాన్ని ఇంగ్లీషులో చెప్పారు. షార్ట్‌హ్యాండులో 'నాట్' చాలాసార్లు గీత చివర చిన్న కొక్కెంతో సరిపోతుంది. టైపు చేసేటప్పుడు నేను దాన్ని వదిలేశాను. చూడని సాక్షి చూసినవాడైపోయాడు. సంతకానికి ముందే రాజుగారు పట్టుకుని జడ్జిగారికి చూపించారు. తప్పు దిద్దారు, నాకు మెమో ఇచ్చారు. ఆ రోజునుంచి ఆయనతో మాటలు మానేశాను. మా బల్లల మధ్య రెండడుగులే దూరం. అయినా ఫైళ్లు అటెండరు చేత పంపించుకునేవాళ్లం.

నవంబరులో ఒక సోమవారం కరుణమ్మగారు కాగితంలో ఒక వాక్యం కింద గీత గీసి నా చేతికిచ్చారు.

"ఇది పైకి చదవండి. గట్టిగా."

నీ మీద నీ సహోదరుడికి ఏదైనా విరోధం ఉందని గుర్తొస్తే, కానుక బలిపీఠం దగ్గరే వదిలి, ముందు వెళ్లి అతనితో సమాధానపడమన్న మాట అది. మధ్యాహ్నమే ఒక్క తప్పు లేకుండా టైపు చేశాను. 'వెళ్లి' దాకా చదివి కాగితం దించేశాను.

"ఎవరండీ?" అన్నారు ఆవిడ.

చెప్పాను. రాజుగారు జడ్జిగారి దాకా పోకుండా ముందు నాకే చెప్పాల్సిందని కూడా అన్నాను.

"అది ఆయన పాఠం. మీది చెప్పండి. రేపు కోర్టుందా?"

"ఉందండి."

"అయితే రేపే."

మర్నాడు జడ్జిగారు బెంచి మీదికి రాకముందే రాజుగారి బల్ల దగ్గర నిలబడ్డాను.

"రాజుగారూ, ఆ రోజు తప్పు నాదేనండీ. ఉక్రోషం మీ మీద చూపించేను."

ఆయన కనుబొమలెగరేశారు. "తప్పు మీదని నాకు తెల్సుగదండీ, పట్టుకున్నది నేనేగా!" తర్వాత గొంతు తగ్గించారు. "మీకు చెప్పకుండా లోపలికి పట్టికెళ్లేను చూడండి, అది మాత్రం నాది."

ఆ పూట టీ కలిసి తాగాం. తర్వాత నుంచి నేను టైపు చేసిన ప్రతి వాంగ్మూలాన్నీ ఇద్దరం కలిసి సరిచూసేవాళ్లం.

ఆ ఆదివారం చేతులు కట్టుకుని కూర్చుని ప్రసంగం విన్నాను. గుర్తున్నంతే రాసిస్తే పేజీన్నర వచ్చింది. ఇంత కురచా అని కరుణమ్మగారు సణిగారు. పాత పద్ధతికి మాత్రం నేను మళ్లలేదు.

దేవుని వాక్యం విన్నాక ఆ వారంలో చెయ్యాల్సిన పని ఒకటి కనపడేదాకా వినడం పూర్తి కానట్టే. కనపడిన ప్రతిసారీ చేశానని చెప్పను. చేసిన వారాల్లో మాత్రం తర్వాతి ఆదివారపు ప్రసంగం కొంచెం తేలిగ్గా అర్థమైంది.