కరువు మీటింగుకు పచ్చటి బొమ్మ

నేను రిటైరయ్యే ముందు ఏడాది, భాద్రపదంలో, కళ్యాణదుర్గంలో మా ఆఫీసు మీటింగు హాలుకు ఒక పల్లె బొమ్మ వేసే పని నా మీద పడింది. సర్కారులో నా హోదా ఆర్టిస్టు. అంటే బ్యానర్లు రాసేవాడు, బాణం గుర్తులు వేసేవాడు, ఎప్పుడన్నా పైవాళ్లకు బుద్ధి పుడితే బొమ్మ గీసేవాడు. హాలు గోడ బోసిగా ఉందని ఆఫీసరుగారికి ఉన్నట్టుండి కనబడింది. కరువు చూసేదానికి పైనుంచి బృందం వస్తోంది మరి.

ముందు చేనులో కూచుని వాటర్ కలర్లో చిత్తుబొమ్మ వేసుకోవడం నా పద్ధతి. కాగితం తడిపి రంగు పెడితే అది తనంతట పాకాల. మా గాలికి అంత ఓపిక యాడిది? కుంచె తిప్పేలోపల కాగితం ఎండి చారలు పడుతుంది. అందుకే పొద్దు పొడిచేటప్పటికే చేనులో ఉండేవాణ్ణి. ఆకాశాన్ని తెల్లగా వదిలేస్తే సరి, మేఘాల ఖర్చు లేదు.

లక్ష్మక్క అనే రైతు చేను ఎంచుకున్నాను. వేరుశనగకు పూత అయినాక ఊడలు భూమిలోకి దిగితేనే కాయ. అవి దిగేలోపలే ఆమె పైరు ఎండింది. ఒక చెట్టు పెరికి పట్టుకుని నిలబడమన్నాను.

"ఏమన్నా, ఆ వచ్చే సార్లు నా చేను కాడికి వస్తారా?" అని అడిగింది. "మండలాన్ని కరువులో రాసుకుంటేనే కదా మాకు పరిహారం. లేకుంటే మళ్లీ విత్తనం యాడ తెచ్చేది?"

చెట్టు కొంచెం పైకెత్తి పట్టుకోమన్నాను. నాకు తెలిసిన సంగతి వేరు. వాళ్లకు చూపించబోయేది రోడ్డు పక్కన బోరు కింద ఉన్న దానిమ్మ తోట. పైర్లు బ్రహ్మాండమని ఆఫీసరుగారు సీజనంతా పైకి రాసి పంపినారు.

తర్వాత ఆఫీసులో ఆ చిత్తుబొమ్మను కాన్వాసు మీద ఆయిల్లో పెద్దది చేసినాను. ముందు టర్పెంటైన్ కలిపిన పలుచటి పూత, అది ఆరినాక నూనె ఎక్కువుండే మందపు పూత. తారుమారైతే పగుళ్లొస్తాయి. పూర్తిగా ఆరనిచ్చి గోడకు తగిలించినాను.

బృందం వచ్చే ముందురోజు ఆఫీసరుగారు దాన్ని చూసినారు. "ఏందయ్యా ఈ దరిద్రం? పచ్చగా చెయ్" అన్నారు. ఆయిల్ రంగు తెల్లారేలోగా ఆరదని మనవి చేసుకున్నాను. అయితే వాటర్ కలర్ వేయమన్నారు. నూనె మీద నీటి రంగు నిలవదని, సబ్బు కలిపితే అప్పటికి అంటుకున్నా తడి తగిలితే పోతుందని చెప్పినాను. "ఒక్కరోజు నిలబడితే చాల్లే. తడి తగిలేదానికి ఈడ వాన యాడుంది?" అన్నారు. ఒళ్లు మండింది. అయినా వేసినాను. పైరు పెంచడం ఇంత సులువని తెలియక రైతులు ఇన్నేళ్లుగా కష్టపడతాండారు పాపం! సాయంత్రానికి లక్ష్మక్క చేతిలో చెట్టుకు కూడా ఆకులొచ్చినాయి.

మరుసటి రోజు మీటింగుకు రైతులను కూడా పిలిపించినారు. మా దగ్గర కుర్చీలో మనకన్నా ముందు దుమ్ము కూచుంటుంది. అటెండరు మస్తాన్ ఎప్పటి మాదిరే తడిగుడ్డతో టేబుళ్లు, పటాలు తుడుస్తూ వచ్చి బొమ్మను కూడా సగం తుడిచినాడు. గుడ్డ పచ్చబడేసరికి హడలిపోయి ఆపేసినాడు. అంతలోనే బృందం లోపలికి వచ్చింది.

వాళ్లలో పెద్దాయన బొమ్మ ముందు నిలబడిపోయినాడు. సగం చేను పచ్చగా, సగం ఎండి ఉంది. ఇందులో ఏది నిజమని అడిగినాడు. ఆఫీసరుగారు గొంతు సవరించుకునే లోపలే వెనక వరసలోంచి లక్ష్మక్క లేచింది.

"ఎండింది నాది సార్. పచ్చంది ఆఫీసోళ్లది."

ఆ పూట కార్లు దానిమ్మ తోట దగ్గర ఆగకుండా ఆమె చేనుకు పోయినాయి. మండలం కరువు జాబితాలోకి ఎక్కింది. నాకూ మస్తాన్‌కూ చెరొక మెమో వచ్చింది. వాడికి శుభ్రంగా పని చేసినందుకు, నాకు చెప్పినట్టు చేసినందుకు.

సర్వీసు మొత్తానికి నేను నేర్చుకున్నది ఒకటే. సర్కారు బొమ్మలో ఉన్నది ఉన్నట్టు ఆయిల్లో వేయాల. పై అధికారి కోరింది మాత్రం వాటర్ కలర్లో వేయాల.