తొంభై తొమ్మిది పర్సెంటైల్ తండ్రి

పరీక్ష తప్పినవాళ్ల కథలు మీరు చాలా విని ఉంటారు. పాలు తాగే పసివాడిని ర్యాంకు కోసం చదివించి, అదే, తినిపించి, ఘోరంగా తప్పిన తండ్రి కథ ఇది. నవ్వుకోండి, నాకేం అభ్యంతరం లేదు. మధ్యలో ఒకచోట మాత్రం కాస్త జాలి పడండి. నా మీద కాదు, వాడి మీద.

మా వాడి పేరు చింటు. ఆరో నెలలో శామీర్‌పేట నుంచి మేడ్చల్‌లోని పిల్లల డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లాం. ఆవిడ వాడిని తూచి, ఎదుగుదల కార్డు మీది వంపు గీతల మధ్య ఒక చుక్క పెట్టి, "యాభై పర్సెంటైల్. వందమంది పిల్లల్ల నడిమిట్ల ఉన్నడన్నట్టు. మంచిగున్నడు" అన్నారు. మంచిగున్నడన్న మాట గాలికి పోయింది, యాభై మాత్రం నా గుండెలో దిగింది. ఎంట్రెన్సుల కోచింగ్‌లో నలిగి, ఇంజనీరింగ్ చదివి, కండ్లకోయలో ఉద్యోగం తెచ్చుకున్నవాడిని నేను. యాభై పర్సెంటైల్‌కు సీటెక్కడొస్తుంది?

నా భార్య స్రవంతికి సెలవు అయిపోయింది. ఇంటి నుంచి పనిచేసే నేను వాడి తిండి బాధ్యత తీసుకుని సిలబస్ తయారుచేశాను. ఒకటి, బెల్లం దండిగా వేసిన రాగి జావ. రెండు, చక్కెర పాలలో నానిన బిస్కెట్లు. మూడు, ఎందుకు ఏడ్చినా మళ్లీ పాలు. నాలుగు, కదలిక బంద్. నేల మీద దొర్లితే తిన్నదంతా ఖర్చయిపోతుందని బెల్టున్న కుర్చీలో కూర్చోబెట్టేవాడిని. వృథా తగ్గించడమే కదా మేం చదువుకున్నది.

వాడు మొహం తిప్పుకుంటే ఫోన్లో పాట పెట్టి అటువైపే పట్టేవాడిని. బొమ్మను చూసి నోరు తెరిచేవాడు, చెంచా లోపలికి పోయేది. అడగందే అమ్మైనా పెట్టదంటారు. వద్దన్నా పెట్టే నాన్నను నేను.

"తల తిప్పుతాండు, చూస్తలేవా? కడుపు నిండిందేమో" అంది స్రవంతి ఒక ఆదివారం.

"గిన్నెల ఇంక కొంచెమే ఉన్నది."

"గిన్నెను కాదు, పిలగాని మొహం జూడు."

"నువ్వూకో బిడ్డా" అంటూ మా అమ్మ నా పక్షాన దిగింది. "గిప్పుడిప్పుడే బొద్దుగయితాండు. బుగ్గలు జూడు, పూరీల లెక్క పొంగినయి."

"అత్తమ్మా, పూరీ సల్లారితె దిగుతది. గివి దిగుతయా?"

తొమ్మిదో నెల టీకా నాటికి వాడి మణికట్లు దారం కట్టినట్టు మడతలు పడ్డాయి. నేను ఇస్త్రీ చొక్కా వేసుకుని ఫలితాలకు వెళ్లాను. చుక్క పై గీతను చేరగానే ఆగలేకపోయాను.

"తొంభై తొమ్మిది వచ్చినట్టేనా మేడం?"

డాక్టరమ్మ కళ్లద్దాలు తీశారు. "వచ్చినట్టే. ఏం పెడ్తున్నరు?"

సిలబస్ మొత్తం గర్వంగా అప్పజెప్పాను.

"గిది ర్యాంకు గాదు బాబూ. ఏ గీత మీదున్నా సరే, వాని గీతల వాడు పెరిగితె సాలు. మీరు ఉన్న గీతలన్నీ దాటించిన్రు. పాకుతాండా?"

"కుర్చీల కూసుంటడు. మస్తు బుద్ధిమంతుడు."

ఆవిడ వాడిని చాప మీద దింపి, ఎదురుగా ఎర్ర బంతి పెట్టారు. చింటు చేతులు చాచాడు. ముందుకు కదలలేకపోయాడు. నావైపు తిరిగాడు. ఏడవలేదు, నోరు తెరిచాడు.

ఆడుకోవాలన్నా, ఎత్తుకోమన్నా, నిద్రొచ్చినా నా దగ్గర దొరికేది చెంచా ఒక్కటేనని వాడు నేర్చుకున్నాడు. ఆ పాఠం చెప్పింది నేనే. తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

"పస్తు పెట్టాల్నా మేడం?"

"అసలే వద్దు. పసిపిల్లలకు డైటింగ్ ఉండదు. చక్కెర, బెల్లం, బిస్కెట్లు, ఫోను బంద్. తల్లిపాలు తాగనియ్యిన్రి, ఇంట్ల వండింది మెత్తగ పిసికి పెట్టున్రి. మొహం తిప్పితె గిన్నె తియ్యిన్రి. కింద ఇడ్వున్రి, వాడే పాకుతడు."

పాకాడు. ఎంతగా అంటే, వాడి వెనక పరుగెత్తలేక అమ్మ పరేషాన్ అయింది. కొన్నాళ్లకు వాడి తొలి మాట కోసం ఇంటిల్లిపాదీ ఎదురుచూస్తుంటే, అలవాటు కొద్దీ ఇంకో ముద్ద పెట్టబోయిన నా చెయ్యి తోసేసి స్పష్టంగా "వద్దు" అన్నాడు. నెలల తరబడి మెడతో చెప్పిన మాటను పాపం నోటితో చెప్పాల్సి వచ్చింది.

అందుకే అన్నం సాక్షిగా ప్రమాణం చేశాను: వద్దన్న మనిషికి నా చేతి మీదుగా మెతుకు కూడా పోదు. మొన్న భోజనానికొచ్చిన మా మేనమామ, మర్యాద కోసం ప్లేటుకు చెయ్యి అడ్డం పెట్టి "వద్దల్లుడా" అన్నాడు. మటన్ గిన్నె వెనక్కి తీసుకెళ్లిపోయాను. ఆయన అల్వాల్‌లో తన ఇల్లు చేరేలోపు నా పిసినారితనం చుట్టాలందరికీ తెలిసిపోయింది. తెలియనివ్వండి. ప్రమాణం ప్రమాణమే.