వడ్లు తొక్కనోడు

ఓడ దిగంగనే మొదలు ముక్కుకు తగిలింది ఎండు చాపల వాసన. తర్వాత ఉక్క. ఒంటి మీద బనీను దిగేసరికే తడిసి ముద్దయింది. మాకంటె ముందు లంకకు పోయిన పలటన్లకు దండలేసిన్రంట, కొబ్బరి బోండాలిచ్చిన్రంట. మేం పోయేసరికి మన ఫౌజుకూ ఆడి తమిళ తుపాకోళ్ళకూ కొట్లాట మొదలయింది, తలుపులు మూసుకున్నయ్. లారీలల్ల పోతుంటె కిటికీ సందులల్ల కండ్లు కనవడ్డయ్, మనుషులు కనవడలే. మా హవల్దారు పహాడీ మనిషి, మంచు కొండల కాడ పుట్టినోడు. లారీ మీదికెల్లి జూసి ఒక్కటే మాట అన్నడు: "కిసీ పే భరోసా నహీ." ఎవ్వర్నీ నమ్మకున్రి అని. నాకిది కొత్తగ చెప్పే పనే లేదు. నేను నేరేడుచర్లల పుట్టిన, కాంటా కాడ సేటును నమ్మని ఇంట్ల పెరిగిన.

మాది అడవి అంచున ఓ చిన్న పోస్టు. ఇసుక బస్తాల గోడ, తాటి మొద్దుల కప్పు, చుట్టు ముండ్ల కంచె. దినాం పొద్దుగాల తొమ్మిదికి పది మందిమి నడుసుకుంట ఓ కూలిన బ్రిడ్జి కాడికి పోవాలె. ఆడ రాత్రి కాపలా కాసినోళ్ళు వాపస్ రావాలె, మేం కూసోవాలె. బ్రిడ్జిని పేల్చిన కాన్నుంచి ఆ రోడ్డు మీద బండి తిరగలే. నాలుగు కిలోల పైన రైఫిలు, నీళ్ళ సీసా, గాయం పట్టీ, మట్టిల పొడిచి సూసే ఇనుప సువ్వ. ఆర్డరు ఒక్కటే: తారు దిగొద్దు. దిగాలంటె సువ్వతోని పొడిచి, మందుపాతర లేదని తేలినంకనే అడుగెయ్యాలె.

అందరికన్న ముందు నడిచేటోడు ఏసోబు. కోదాడ దగ్గరోడు. నాకంటె రెండేండ్లు చిన్న, నన్ను అంజన్నా అనేటోడు. ప్రతి ఆదివారం బంకర్ల కూసొని మెల్లగ ప్రార్థన చేసుకునేటోడు. మనిషి సన్నం, కండ్లు గద్ద కండ్లు. అందుకే ముందట పెట్టిన్రు.

మనకాడ యాసంగి నాట్లు పడ్డంక అక్కడ కోతలయినయ్. ఓ పొద్దున మలుపు తిరిగినం, రోడ్డు మీద వడ్లు. ఒక్క బండి పట్టే సన్న రోడ్డు, తారంత పరిచి ఉన్నయ్. పక్కన ఓ ముసలమ్మ, చేతిల చీపురు. ఏసోబు టక్కున ఆగిండు. వెనక మేం కూడ ఆగినం. బాంబేమో అనుకొని హవల్దారు నేల మీద పడ్డడు.

"క్యా హై?" అని పండుకున్నకాన్నుంచే ఒర్లిండు.

"వడ్లు సాబ్," అన్నడు ఏసోబు. తెలుగులనే అన్నడు, పాపం, అలవాటు.

నేను హిందీల చెప్పిన. హవల్దారు లేసి మోకాళ్ళు దులుపుకుంట, "ధాన్ హై తో చలో, బమ్ తో నహీ హై," అన్నడు. వడ్లేగద, బాంబు గాదుగద, నడువున్రి అని. ఏసోబు కదల్లే. నా దిక్కు తిరిగిండు. "ఎట్టా తొక్కమంటాడు అంజన్నా? వట్టి కాళ్ళయితే వేరు. బూట్లతోనా? మా అమ్మ చూస్తే వీపు చీరేస్తది."

ఇది మనకు చెప్పక్కరలేదు. వడ్లు తిరగేసేటప్పుడు మనం కాళ్ళతోనే తిరగేస్తం, కని చెప్పులు అవతల ఇడిసి దిగుతం. హవల్దారు కొండల మనిషి, ఆయనకేమెరుక? నేను హిందీల చెప్తె, "అయితె బూట్లు ఇప్పు, ముండ్లల్ల నడువు," అని నవ్విండు. ఏసోబు నవ్వలే. సువ్వ దీసి సైడు మట్టి పొడుసుకుంట, వడ్లను తప్పిచ్చి ముందుకు పోయిండు. వాని అడుగుల అడుగేసి మేమందరం పోయినం. ముసలమ్మ చీపురు ఆపి మమ్మల్నే జూసింది. ఆ సూపు నాకు ఇప్పటికీ అర్థం గాలే.

తెల్లారి కూడ ఆన్నే పోసింది. ఆ తెల్లారి కూడ. మేం దినాం దిగి పోయినం. మొదట్ల పొడిచిండు ఏసోబు. కొన్ని దినాలకు రెండు పక్కల మట్టిల మా బూట్ల బాట పడ్డది. బాట పడ్డ కాడ మనిషికి అనుమానం పోతది, ఫౌజుల గదే చావు. పొడుసుడు బందయింది. నేను ఒకటి రెండు సార్లు అన్న, "ఏసోబూ, పొడువురా." "నిన్నే నడిచాం గదన్నా," అనేటోడు. ముసలమ్మతోని దోస్తానా కూడ అయింది వానికి. భాష రాదు, చేతులతోనే ముచ్చట. ఒకపాలి తాటిబెల్లం ముక్క ఇయ్యబోయింది. హవల్దారు గుంజి పారేసిండు, జహర్ ఉంటదని.

ఆ దినం వడ్లు ఎక్కువున్నయ్. ఎడమ పక్క మట్టి మీద దాకా పోసింది, కుడి పక్కకే దారి. ఏసోబు ఆమెకు చెయ్యి ఊపి, కుడికి దిగిండు.

సప్పుడు నాకు వినవడలే. మట్టి నోట్లెకొచ్చింది. లేసి జూస్తె ఏసోబు కూసొని ఉన్నడు, తన కాలు దిక్కే ఇంత ఆశ్చర్యంగ జూస్తున్నడు. మోకాలు కింద ఏం లేదు. రేడియో జవాను ఒర్లుతున్నడు: "ఒక్కరికి గాయం. కాలు పోయింది. హెలికాప్టర్ కావాలె. ఓవర్." అవతలి నుంచి, "ఆగు. ఔట్." ఎంతసేపు ఆగాలె? నేను వాని తొడ మీద బెల్టు బిగిచ్చి రెండు చేతులతోని పట్టుకున్న. నా బనీనంత నెత్తురే. వాడు ఒక్కటే అడిగిండు: "వడ్లు పాడయినాయా అన్నా?"

హెలికాప్టర్ వచ్చి తీస్కపోయింది. అప్పుడు అందరి కండ్లు ముసలమ్మ మీద పడ్డయ్.

ఆమె ఉరకలే. చీపురు పట్టుకొని ఆన్నే నిలవడ్డది. ఒక జవాను రైఫిలు ఆమె రొమ్ముకు పెట్టిండు. వాని చెంపల మీద నీళ్ళు కారుతున్నయ్. మా అందరిల తమిళం వచ్చేది నాకొక్కనికే. ట్రైనింగుల తమిళ పోరగాళ్ళ నడుమ పండుకున్న, వాళ్ళ తిట్లతోని సహా నేర్చిన. హవల్దారు నా బుజం పట్టుకున్నడు. "అడుగు. ఆమెకు ఎరుకనా, లేదా? నువ్వు ఏమంటె అదే." ఇగ ఆ ముసలిదాని పానం నా నాలిక మీదికొచ్చింది.

"అమ్మా, రాత్రి ఈడికి ఎవరొచ్చిన్రు?" అని అడిగిన.

"తెరియాదు తంబీ." తెల్వదు తమ్మీ అని.

"ఈయాల ఎడమ పక్క ఎందుకు మూసినవ్?"

"వడ్లు ఎక్కువున్నయ్."

"ఈ రోడ్డు మీదనే ఎందుకు ఆరబోస్తున్నవ్?"

అప్పుడు నా మొకం జూసింది. "మీరు తొక్కరు గద తంబీ. గందుకే."

ఆమె చేతులు జూసిన. ఒణకలే. ఎదకు తుపాకి పెడితె ఎవని చేతులన్న ఒణకాలె గద? ఒణకలే. అబద్ధం చెప్తున్నదా, సావుకు తెగించిందా, ఏడ్సుడు అయిపోయిన మనిషా? ఏం జెప్పను? ఎరుకనే అంటె అయిపోతది, ఏసోబు కాలుకు బదులు తీరుతది. కని అనుమానం మీద ముసలిదాన్ని సంపుడు నాతోని కాదు. నమ్మి కాదు, నమ్మకనే చెప్పిన.

"ఆమెకు ఎరుకలేదు సాబ్."

హవల్దారు ఆ జవాను రైఫిలు కిందికి దించిచ్చిండు.

మేం పోతుంటె ఆమె కూసొని వడ్లు ఎత్తుతున్నది. మంచియి ఒక కుప్ప. నెత్తురంటినయి ఒక కుప్ప. నెత్తురంటిన వడ్లను దోసిట్ల పట్టుకపోయి మందుపాతర గుంతల పోసింది, చేతులతోని మట్టి కప్పింది. దండం పెట్టుకున్నదో, ఆనవాలు మాపిందో నాకు తెల్వదు.

నేను వాపస్ వచ్చిన్నాడు సూర్యాపేట బస్టాండ్ల చాయ్ తాగుతుంటె పక్కాయన నా డ్రస్సు జూసిండు. "లంకకెల్లా? సీతమ్మను పెట్టిన వనం జూసినవా?" అన్నడు. లేదన్న. "మరి గెలిచిన్రా?" అన్నడు. "వచ్చినం," అన్న. నా కాడ ఉన్న జవాబు గదొక్కటే. నేరేడుచర్లల బస్సు దిగి ఊరి దిక్కు నడుస్తుంటె రోడ్డు మీద వడ్లు. సైడుకు మెత్తటి మట్టి, మంచి బాట. నా కాళ్ళు ఆ మట్టిలకు దిగలే. దిగుమన్న దిగలే. వడ్ల నడిమిట్లకెల్లి బూట్లతోని నడిచి పోయిన. వెనకకెల్లి ఒకామె ఒర్రింది: "ఓరి నీ మొకం మన్నుగాను! కండ్లు నెత్తికెక్కినయారా? అన్నం తింటున్నవా, గడ్డి తింటున్నవా?" తిరిగి చూడలే. సిగ్గుతోని చెవులు మండినయ్.

ఇప్పుడు నేను దామరచర్ల దిక్కు ఒక గోదాము గేటు కాడ కాపలా ఉంటున్న. ఏసోబుకు కోదాడల జెరాక్సు దుకాణం. పెట్టుడు కాలు, మూడు చక్రాల స్కూటర్. ఎప్పుడు కలిసినా మాకు ఒక్కటే పంచాయితి. ఎడమ పక్క ఎందుకు మూసిందిరా అని నేను. వడ్లెక్కువుంటే ఎక్కువ పోస్తారు, దానికి లాయరు కావాల్నా అని వాడు. ఒకసారి కోపమొచ్చి అననే అన్నడు: "ఆమెకు తెలుసంటే నేను మోసపోయినోణ్ణి అంజన్నా. తెలవదంటే మర్యాదకి పోయినోణ్ణి. రెండో దాంతోనే బతుకుతున్నా. అది కూడా లాక్కుంటావా?" అప్పటి సంది నేను గట్టిగ అడుగలే. లోపల మాత్రం అడుగుతనే ఉన్న.

మొన్న యాసంగి కోతలప్పుడు మిర్యాలగూడల ఒక మిల్లు సేటు మాకు సన్మానం పెట్టిండు. ఫంక్షన్ హాలు ముంగట ఇంత పెద్ద ఫ్లెక్సీ, "పరాయి గడ్డ మీద విజయం సాధించిన వీరులు" అని. నా పానం సురుక్కుమన్నది. సేటు మైకు పట్టుకొని మేం లంకను గెలిచినట్టే మాట్లాడిండు. రిటైరైన బడి సారొకాయన లేసిండు. "గెలుసుడు ఏంది? పోవుడే తప్పు. పొరుగింటి కొట్లాటల తలదూర్చి ఇద్దరితోని తిట్లు తిన్నం," అన్నడు. సగం హాలు చప్పట్లు కొట్టింది. సేటు, "అయితె సచ్చినోళ్ళు ఉత్తగనే సచ్చిన్రా?" అన్నడు. తక్కిన సగం కొట్టింది. నాకు ఇద్దరి మీద కోపమొచ్చింది. గెలిచినం అనేటోనికి శాలువా కప్పుడు కావాలె, తప్పు అనేటోనికి తన తెలివి సూపిచ్చుడు కావాలె. ఆ రోడ్డు ఇద్దరికీ తెల్వదు.

మైకు ఏసోబు చేతికిచ్చిన్రు. "గెలిచామో ఓడామో పెద్దోళ్ళు తేల్చుకోండి," అన్నడు వాడు. "అక్కడొక ముసలమ్మ ఉండేది. ఆ వడ్లు ఆమె ఇంటికి చేరినాయో లేదో మీలో ఎవరికన్నా తెలిస్తే చెప్పండి, వింటా." సేటు తొందరగ శాలువా కప్పిండు.

వాపస్ వాని స్కూటర్ మీదనే బయలెల్లినం, ఆ రాత్రికి కోదాడల వానింట్లనే ఉండమన్నడు. ఎండ దిగుతున్నది. నేరేడుచర్ల దాటినంక రోడ్డుకు సగం దాకా వడ్లు పోసి ఉన్నయ్, అవతలి సగం నుంచి ధాన్యం లారీ ఎదురొస్తున్నది.

"వడ్ల మీదికెల్లే పోనీ ఏసోబూ," అన్న. నా గొంతు నాకే కొత్తగ వినవడ్డది. "దిగకు. నీ దండం పెడత."

"బండి టైర్లతో తొక్కమంటావా? భలేటోడివే."

వడ్లు తగలకుంట సైడు మట్టిలకు దించిండు. నేను కండ్లు మూసుకొని వాని బుజం పట్టుకున్న. చక్రాల కింద మట్టి కరకరమన్నది. లారీ హారన్ కొట్టుకుంట పోయింది. ఏం కాలే. కండ్లు తెరిచి జూస్తె, వడ్ల పక్కన చీపురు పట్టుకొని ఒకామె నిలవడి మమ్మల్నే జూస్తున్నది. ఏసోబు ఆమెకు చెయ్యి ఊపిండు.