ముప్పై ఒకటో అంశం

వెర్నా హ్లడ్కీ ముప్పై ఎనిమిదేళ్ళుగా విల్లో బెండ్ నియోజకవర్గంలో పార్టీ కార్యదర్శి. పొట్టకూటికి స్కూలు బస్సు నడిపింది. ఆ ఊళ్ళో నలభై దాటిన మగాడు ఎంత ఎగిరెగిరి పడుతున్నా సరే, "కూర్చో" అని ఆవిడ ఒక్కమాటంటే కూర్చుంటాడు. చిన్నప్పుడు ఆ బస్సులో పడ్డ భయం మరి, ఎక్కడికి పోతుంది?

ఆవిడ చేతిసంచిలో పార్టీ నియమావళి పుస్తకం ఎప్పుడూ ఉండేది. పద్నాలుగో నియమం ఉన్న పేజీ వేళ్ళు తగిలి తగిలి నల్లబడిపోయింది. అభ్యర్థిని ఆ నియోజకవర్గంలోని సభ్యులే ఓటేసి ఎన్నుకోవాలి, పైవాళ్ళ పెత్తనం చెల్లదు అనేది ఆ నియమం. దాన్ని పెట్టించింది వెర్నానే. ఎనభై రెండులో రాజధాని రెజైనా నుంచి పార్టీ పెద్దలు ఎవరో ప్లీడర్ని తెచ్చి వీళ్ళ నెత్తిన కూర్చోబెట్టారు. గోధుమ చేనుకీ బార్లీ చేనుకీ తేడా తెలియని మనిషి. చిత్తుగా ఓడిపోయాడు, తగిన శాస్తి అయింది. మరుసటేడు మహాసభలో, ఏడోనెల కడుపుతో, వెర్నా మైకు ముందు వరసలో రెండు గంటలు నిలబడింది. ఎవరో జాలిపడి కుర్చీ తెస్తే, "కూర్చుంటే నా వంతు పోతుంది, వద్దు" అంది. పదకొండు ఓట్ల తేడాతో ఆవిడ మాట నెగ్గింది.

ఆ పార్టీకి ఇంకో అలవాటు కూడా ఆవిడే నేర్పింది. ఒకసారి మహాసభలో ఆఫీసు చిరునామా మార్చడం మీద గంటన్నర కొట్టుకున్నారు. బయట మంచుతుఫాను ముంచుకొస్తోంది, దూరాల వాళ్ళు ఇళ్ళకెలా చేరాలి? అప్పుడు వెర్నా లేచి, "ఈ చిల్లర మార్పులన్నీ ఒక కట్ట కట్టండి, ఒకే ఓటుతో తేల్చేద్దాం. ఎవరికైనా ఒకదానిమీద అనుమానం ఉంటే లేచి దాన్ని బయటికి లాగమనండి, చర్చిద్దాం" అంది. అందరికీ ప్రాణం లేచొచ్చింది. అప్పట్నుంచీ దాన్ని సర్దుబాట్ల కట్ట అంటారు. ఆ కట్టని సభలో అందరికంటే పాత ప్రతినిధి లేచి బలపరచడం ఆచారమైపోయింది. తొమ్మిదేళ్ళుగా ఆ పాత ప్రతినిధి వెర్నానే. ఆవిడ లేవగానే జనం చప్పట్లు కొట్టేవాళ్ళు. ఆవిడకది ఇష్టంగానే ఉండేది, అబద్ధమెందుకు.

ఈసారి విల్లో బెండ్‌లో టాన్యా ప్రిస్టూపా నిలబడదామనుకుంది. అంబులెన్సు నడిపే పిల్ల. ఊరి ఆసుపత్రి మూసేస్తామంటే ఆరువందల మందిని పోగేసి రోడ్డుమీద కూర్చుని ఆపింది. పోరాడేటప్పుడు సొంత పార్టీ పెద్దల్ని కూడా కడిగేసింది. వాళ్ళకది గొంతులో ముల్లులా ఉండిపోయింది.

"నన్ను నిలబడనిస్తారా ఆంటీ?" అని టాన్యా అడిగింది.

"ఎవడే నిలబడనివ్వనిది? ఓటు మన హాల్లో, మన చేతుల్లో. పద్నాలుగో నియమం ఉంది. నేనున్నాను" అంది వెర్నా.

సాస్కటూన్‌లో మహాసభ. పార్టీ ఆఫీసు నుంచి కీరన్ అనే కుర్ర ఆర్గనైజరు కాఫీ పట్టుకుని మరీ వచ్చాడు. "వెర్నా గారూ, కట్ట ఎప్పటిలాంటిదే. నలభై రెండు అంశాలు. మీరు బలపరిస్తేనే దానికో అందం" అన్నాడు. వెర్నా మొదటి రెండు పేజీలు తిరగేసింది. చిరునామాలు, తేదీలు, పదవుల కొత్త పేర్లు. మిగతా తొమ్మిది పేజీలూ కళ్ళద్దాలకి అందనంత సన్నటి అక్షరాలు.

పక్కన కూర్చున్న టాన్యా, "మొత్తం చదివారా ఆంటీ? నాకూ ఓసారి ఇవ్వండి, చూస్తాను" అంది.

"నేను పెట్టిన పద్ధతే ఇది. నాకే చెప్తున్నావా? ఇందులో చెత్త తప్ప ఏముంటుంది" అని వెర్నా కాగితాలు మడిచి సంచిలో పెట్టేసింది. లేచింది, బలపరిచింది. చప్పట్లు. నాలుగువందల ఓటు కార్డులు ఒక్కసారిగా లేచాయి. టాన్యా కార్డు కూడా.

మూడువారాలకి ఉత్తరం వచ్చింది. విల్లో బెండ్ అభ్యర్థిగా నాయకుడి దగ్గర పనిచేసే ఒకాయన్ని కార్యవర్గం నియమించిందట. అభ్యర్థిని కార్యవర్గమే నియమించొచ్చని సవరించిన పద్నాలుగో నియమం కింద. ఆ సవరణ కట్టలో ముప్పై ఒకటో అంశమట. వెర్నా పొయ్యి ఆపి, నిలబడే ఫోను చేసింది.

"ఏమయ్యా కీరన్, ఇది చిల్లర మార్పా? సిగ్గుందా మీకు?"

"కోప్పడకండి వెర్నా గారూ. కాగితాలు నియోజకవర్గానికో కాపీ ఇచ్చాం. ఎవరైనా లేచి బయటికి లాగొచ్చు. ఎవరూ లేవలేదు మరి."

"నా చేతే చేయించారు కదరా!"

"మీరు చదివే బలపరిచారనుకున్నామండీ" అన్నాడు, గొంతులో వెన్న కరుగుతున్నట్టు.

ఆవిడకి అరికాలి మంట నెత్తికెక్కింది. ఆ మంటలో సగం తనమీదే. ఆ ఉత్తరం టాన్యాకి చూపించింది గానీ, ఆ పిల్ల మొహంలోకి చూడలేకపోయింది.

ఆదివారం మధ్యాహ్నం ఊళ్ళో మంచుమీద ఆడే కర్లింగ్ ఆట హాల్లో మీటింగు పెట్టారు. టాన్యాని ఎన్నుకుందామని ముందే అనుకున్న రోజది. నూటనలభై మంది వచ్చారు. ఆడవాళ్ళు బంగాళదుంప కూరిన పెరోగీలు వండి తెచ్చారు. వెర్నా ముందే కత్తిరించిపెట్టిన ఓటు చీటీలు బల్లమీద అలాగే ఉన్నాయి. ఉత్తరం చదవగానే హాలు భగ్గుమంది.

"దొంగతనంగా నలభై రెండు అంశాల్లో దూర్చారా! అసలు ఆ దరిద్రాన్ని బలపరిచిన దద్దమ్మ ఎవడు?" అని అరిచాడు లెనార్డ్. వెర్నా బస్సులో పన్నెండేళ్ళు స్కూలుకెళ్ళినవాడే.

టాన్యా గబగబా, "ఎవరైతే ఏంటిప్పుడు, వదిలెయ్ లెనార్డ్" అంది.

మహాసభ మినిట్స్ చదవడం కార్యదర్శి పని. ఆ పేరు మింగేసి ముందుకు పోతే అడిగేవాడు లేడు. ముప్పై ఎనిమిదేళ్ళలో ఆవిడ ఒక్క పేరూ మింగలేదు. కళ్ళద్దాలు పెట్టుకుని చదివింది.

"సర్దుబాట్ల కట్ట. బలపరిచినవారు, వెర్నా హ్లడ్కీ."

ఆవిడ చెప్పకుండానే లెనార్డ్ కూర్చున్నాడు. ఎవరూ ఒక్క మాట తిట్టలేదు. తిట్టినా బాగుండేది. ఒక్కొక్కరే కోట్లు తొడుక్కున్నారు, పెరోగీల గిన్నెలకి మూతలు పెట్టుకున్నారు. పోతూ పోతూ ఇద్దరు ముగ్గురు ఆవిడ భుజం తట్టారు, చావింట్లో తట్టినట్టు.

చివరికి టాన్యా మిగిలింది. బల్లమీది చీటీలన్నీ పోగుచేసి వెర్నా చేతికిచ్చింది.

"నేనడిగాను కదా ఆంటీ, మొత్తం చదివారా అని."

"అడిగావమ్మా" అంది వెర్నా.

టాన్యా డ్యూటీకి టైమయిందని వెళ్ళిపోయింది. వెర్నా మినిట్స్ పుస్తకం తెరిచి తేదీ వేసి, హాజరైనవారు నూటనలభై అని రాసింది. అభ్యర్థి ఎన్నిక అనే చోట, జరగలేదు అని రాసింది. కింద సంతకం పెట్టాల్సింది కూడా ఆవిడే.