పిట్టకు పెట్టిన బోటికూర

పెద్దలకు పెట్టుకునే పెత్రమాస రోజు నల్లగొండలో కట్టంగూర్ బస్సు ఎక్కాను. మూడు సీట్ల వరుసలో నా పక్కన ఒక ముసలాయన ఒళ్లో టిఫిన్ డబ్బా పెట్టుకుని కూర్చున్నాడు. బోటికూర వాసన బస్సంతా తిరుగుతోంది.

"తాతా, నాకో ముద్ద పెడితే డబ్బా బరువు తగ్గుతది గదా," అన్నాను.

"నీకు గాదు బిడ్డా, మా ముసల్దానికి. తెలంగాణ వచ్చిన యేడు పోయింది. పిట్టయి వచ్చి తింటది."

"అవ్వకు నీ మీద గంత పావురమా, గంత ప్రేమనా?"

ఆయన మొహం మాడింది. "నలభై యేండ్లు కాపురం జేసిన. పోయిన మూడోనాడు నేను ముద్ద పెడితే కాకి వాలలే. పొద్దంత బతిమాలిన. పెండ్లికి ముందు అది మనసుపడ్డోడు వచ్చి గదే బోటికూర పెట్టిండు. చెయ్యి తియ్యకముందే వాలింది."

"ఆయనెక్కడున్నడు తాతా?"

కిటికీ పక్కన కునుకుతున్న బక్క ముసలాయన వైపు గడ్డం తిప్పాడు. "గాడే. యేటా కిరాయి నేనే పెట్టి తోల్కపోత. ఆడు పెడ్తడు, నేను దూరం నిలవడి చూస్త. కడుపు మండుతది. అయినా దాన్ని చూడాలె గదా."

కట్టంగూర్‌లో తనే ముందు దిగి, రెండో ఆయనకు చెయ్యి అందించాడు.

"మెల్లగ దిగురా సచ్చినోడా. నువ్వు పడితే అది రాదు."

ఇప్పటికీ మా ఇంట్లో బోటికూర వండినప్పుడల్లా, ఇది నీకు పెళ్లికి ముందునుంచే ఇష్టమా అని నా భార్యను అడగబోయి ఊరుకుంటాను.